కరవు కాలువ – క్లౌ దొరగారు

ప్రియులారా, ఐగుప్తులో కరవు వచ్చినప్పుడు యోసేపు కొట్లను తెరచి జనులను బ్రదికించిన సంగతి మనకందరికిని తెలియును. ధాన్యము ఫరోది, దానిని కొలిపించిన చేయి దైవభయముగల మనుష్యునిది. రాజుగారి కొట్టు నిండినంత మాత్రమున బీదవాని కడుపు నిండదు. నడుమ నమ్మకమైన చేయి యొకటి కావలెను. అట్టి చేయి మన తెలుగుదేశములో ఒంగోలు ప్రాంతమున నుండెను. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు.

క్లౌ గారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో పుట్టిరి. యౌవనమందు మిన్నెసోటాలో భూములు కొలుచు సర్వే పని చేసిరి. ఆ పని ముందు ముందు తెలుగువారి ఆకలి తీర్చుటకు అక్కరకు వచ్చునని అప్పుడెవరికి తెలియును? 1865లో బాప్తిస్టు మిషను పక్షముగా మన దేశమునకు వచ్చి, 1866లో ఒంగోలులో కాపురముండిరి. తాళ్లకొండపాడు వాసియైన యెర్రగుంట్ల పేరయ్య గారు ఆ దినములలోనే ప్రభువును నమ్మి, మాదిగపల్లెలలో ఇంటింటికిని సువార్త మోసిరి. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిది మందితో ఏర్పడెను.

పదియేండ్లు గడువకముందే గొప్ప కరవు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు చెన్నపట్నపు రాజధానిలో వానలు తప్పి, చెరువులెండి, పశువులు చచ్చి, జనులు ఊళ్లు విడిచి త్రోవల వెంట పడిపోయిరి. దక్షిణ దేశమంతటను అరకోటికి పైగా చనిపోయిరని చరిత్రకారుల అంచనా. ప్రభుత్వమువారు కరవు పనులు పెట్టించి కూలి ఇచ్చిరి. 1877లో ఆ కూలిని తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు ఒక అణాయు చాలునని ఏర్పాటు చేసిరి. ఆ కొంచెమైనను అందరికిని సరిగా చేరలేదు. పైవారి చేతిక్రింద పనిచేయుటకు పల్లెలవారు భయపడిరి. తిట్లును గెంటుటయు వారికి క్రొత్తవి కావు.

అప్పుడు క్లౌ గారు ఒక ఆలోచన చేసిరి. సముద్రతీరము వెంబడి త్రవ్వుచుండిన కాలువలో, అనగా 1878లో గవర్నరుగారి పేరిట బకింగ్‌హాం కాలువ అని పిలువబడిన దానిలో, కొన్ని మైళ్ల పనిని తామే కంట్రాక్టుకు తీసికొనిరి. కొలతలు తెలిసినవారు గనుక పని నడిపింపగలిగిరి. తమ బోధకులను మేస్త్రీలుగా నిలిపిరి. సొమ్ము ప్రభుత్వముది; ఎండలో నిలిచి కూలి లెక్క చూచినవారు సంఘపు సేవకులు. ప్రయాసపడి భారము మోయువారిని పిలిచిన ప్రభువును గూర్చి, తట్ట దింపి కూర్చున్నవారికి వారు చెప్పుచుండిరి. మంటి తట్ట మోసినవానికి ఆ మాట వేరుగ విప్పి చెప్పవలసిన పనిలేదు గదా!

ఇప్పుడు ముఖ్యమైన సంగతి వినుడి. వేలమంది బాప్తిస్మము కోరి వచ్చిరి. క్లౌ గారు ఇయ్యలేదు. కూటి కొరకు ఎవడును క్రీస్తు పేరు పెట్టుకొనరాదనియు, క్రీస్తు పేరు లేనందున ఎవడును కూటికి తప్పిపోరాదనియు ఆయన తలంపు. సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు ఆగిపోయెను. 1878లో సహాయపు సొమ్ము అయిపోయినదనియు, ఇక ఇచ్చుటకేమియు లేదనియు తెలిపినను జనులు తిరిగి పోలేదు. తాము అడుగవచ్చినది డబ్బు కాదనియు, పాటుపడి బ్రదికితిమనుటకు చేతుల బొబ్బలే సాక్ష్యమనియు వారు చెప్పుకొనిరి. ఆ జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో దిగిరి. దొరగారు తామొక్కరికిని ఇయ్యలేదు. ఆ యేడే చేరినవారి లెక్క తొమ్మిది వేలు దాటెను. క్లౌ గారు 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి.

ఈ చరిత్ర వ్రాయుచుండగా మా మనస్సే మమ్మును గద్దించుచున్నది. ఒక తుపాను తరువాత మా పల్లెలో సహాయపు బియ్యము పంచునప్పుడు, మన సంఘమువారికి ముందు పెట్టుడని పెద్దలు కొందరు మమ్మును అడిగిరి. మేము గట్టిగా కాదనలేకపోతిమి. బియ్యము మనవారి యిండ్లు చేరెను గాని, ప్రక్కవీధిలోని విధవరాలు ఖాళీ చేటతో మరలిపోయెను. ఆ చేట నేటికిని మా కన్నులయెదుట నున్నది.

సహోదరులారా, నేడును ప్రభుత్వపు సొమ్ము మన ఊళ్లకు వచ్చుచున్నది. చెరువు పూడిక తీయుటకో, బాట వేయుటకో, బీదలకు గింజలిచ్చుటకో పేర్లు వ్రాయు పని, కొలత చూచు పని మనలో ఎవరికైనను దొరకవచ్చును. దొరకినప్పుడు మన కులము, మన సంఘము, మన చుట్టమని చూడక, ఆకలిని మాత్రమే చూతము. కొలమానము సరిగా పట్టుకొనుటయు ప్రభువు సేవయే. ఆ కాలువలో మునుపటివలె పడవలు సాగుట లేదు. ఆ చేతుల సాక్ష్యము మాత్రము నిలిచియున్నది. మన చేతులును అట్టివి యగునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.