కాలయంత్రమును కల్పించిన బడిపంతులు

మార్కాపురము పలకపై ఓనమాలు దిద్దినవారు తెలుగునాట లక్షలకొలది కలరు. ఆ పలకరాయి ఒకప్పుడు నీటి యడుగున పొరలుగా పేరుకొన్న మెత్తని బురద. దాని వయస్సు నూఱు కోట్ల యేండ్లకు పైబడినది. అంతటి కాలమును అంకెలో చెప్పుట సులభము. మనస్సునకు తాకునట్లు చెప్పుట దుష్కరము. ఆ పనికి కథను సాధనముగా గొన్నవాడు హెర్బర్టు జార్జి వెల్సు.

వెల్సు 1866లో ఇంగ్లండునందలి బ్రోమ్లీలో జన్మించెను. తండ్రి చిన్న దుకాణదారు. ఏడేండ్ల ప్రాయమున కాలు విఱిగి మంచము పట్టినప్పుడు పుస్తకములు ఆ బాలునికి తోడైనవి. పిమ్మట కుటుంబము చితికిపోగా, ఆయనను బట్టల అంగడిలో పనికి పెట్టిరి. ప్రొద్దు పొడిచినది మొదలు చాకిరి. చదువునకు తావు లేదు. ఆ చెఱనుండి తప్పించినది ఒక బడి. అచట క్రిందితరగతులకు చెప్పుచు తాను చదివికొని, విద్యార్థివేతనముతో 1884లో లండను చేరెను. జీవశాస్త్రమున హక్స్‌లీ మహాశయుడు ఆయనకు గురువు. జీవకోటి పరిణామమును, దాని వెనుకనున్న అనంతకాలమును కన్నులకు గట్టినది ఆ యొక్క యేడాది బోధనమే. మిగిలిన శాస్త్రములలో వెల్సు వెనుకబడి, పట్టము లేకయే వెడలిపోయెను.

వేల్సు సీమలో ఉపాధ్యాయుడుగా నుండగా బంతియాటలో తగిలిన తన్నునకు మూత్రపిండము చెడెను. నెత్తురు కక్కుకొనెను. అయినను 1890లో పట్టము సంపాదించెను. 1893లో రోగము తిరుగబెట్టగా బోధనము మాని కలము పట్టెను. 1895లో ‘కాలయంత్రము’ వెలువడినది. అందలి యాత్రికుడు ఎనిమిది లక్షల యేండ్లకు ఆవల దిగి, మానవజాతి రెండుగా చీలియుండుటను చూచును: పైన సుఖలాలసులు, భూగర్భమున యంత్రముల నడుపువారు. అంగడి క్రింది గదులలో మ్రగ్గిన బాలుని కష్టము ఈ కల్పనయందు దాగలేదు. 1898లో కుజగ్రహవాసుల దండయాత్రను వ్రాసెను. టాస్మేనియా ఆదివాసులను తెల్లవారు నాశనమొనర్చినట్లే లండనుకును జరిగిన నేమగునని ఆయన తలపోత.

చలనచిత్రములు ఈ కథలలోని యంత్రములను ముందుగా చేజిక్కించుకొన్నవి. 1953 నాటి అమెరికా చిత్రము కుజవాసులను కాలిఫోర్నియాలో దింపి, మాయాదృశ్యములకు ఆస్కారు బహుమానము పొందెను. 1977లో ‘స్టార్ వార్స్’ వచ్చెను. అందొక గ్రహమంతయు క్షణములో భస్మమగును, కథ ఆగక సాగిపోవును. ఆ వేగము పిల్లలకు ఇంపు. తప్పుపట్టవలసిన పని లేదు. కాని వెల్సు ఒక్క వీథి కూలుటకే పుటలు వెచ్చించును. అందుచే భయము నిలుచును.

1991లో ఉదయగిరివాసి సింగీతము శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసి, ఈ యంత్రమునే కృష్ణదేవరాయల కొలువునకు నడిపించెను. హాస్యము, పాటలు నిండిన ఆ చిత్రము కూడ అణుయుద్ధానంతరము భూమి క్రింద బ్రతుకు జనులను చూపుట మఱవలేదు.

నడివయస్సు దాటిన పిదప వెల్సు కథకుని ఉపన్యాసకుడు మ్రింగివైచెను. ఆ నవలలలో పెక్కింటిని నేడు చదువువారు అరుదు. వానిలో 1914 నాటి యొకటి మాత్రము వేఱు: అందాయన అణుబాంబును పేరుతో సహా ఊహించెను. దానిని చదివిన లియో సిలార్డు అను భౌతికశాస్త్రజ్ఞుడు 1933లో అణుశృంఖలాచర్యను భావించెను. 1946 ఆగస్టు 13వ తేదీన వెల్సు లండనులో కన్నుమూసెను. హిరోషిమాపై బాంబు పడి అప్పటికి ఒక యేడాదియు నొక వారమును.