డోర్నకల్ బిషప్ అజరయ్య గారి జీవిత చరిత్ర

ఈ నెల గోడ పత్రికలో గొప్పవాళ్ళ జీవితం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. గాంధీ గారి గురించి, కొమరం భీం గురించి, సావిత్రిబాయి ఫూలే గురించి ఇంతకు ముందే రాసిండ్రు. అందుకే నేను మనకు దగ్గర్లోనే పని చేసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఖమ్మం నుండి కాజీపేట వైపు రైల్లో పోతుంటే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఆయన అక్కడి బిషప్. బిషప్ అంటే ఒక్క చర్చికి కాదు, ఒక ప్రాంతంలో ఉన్న చర్చిలన్నిటికీ, పాస్టర్లందరికీ పెద్ద అన్నమాట. ఆ ప్రాంతాన్ని అధ్యక్ష మండలం అంటారు.

అజరయ్య గారిది తెలుగు ఊరు కాదు. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో, అప్పటి తిరునెల్వేలి జిల్లాలో ఒక చిన్న పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాస్టరు. వాళ్ళది నాడార్ కులం. ఆ రోజుల్లో నాడార్లను గుళ్ళలోకి రానిచ్చేవాళ్ళు కాదు. 1889లో తండ్రి చనిపోయాడు. అయినా చదువు ఆగలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివారు గాని, జబ్బు చేసి ఆఖరి పరీక్ష రాయలేకపోయారు. డిగ్రీ చేతికి రాలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పని చేస్తూ దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళి చేసుకున్నారు.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నాకు పోయినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో వేరే చోటికి మనుషులను పంపి బోధ చేయించడం చూసిండు. మరి మన దేశం వాళ్ళు ఎందుకు అన్నిటికీ తెల్లవాళ్ళ మీద ఆధారపడాలని ఆయనకు అనిపించింది. 1903లో తిరునెల్వేలిలో ఒక మిషన్ సంఘం మొదలుపెట్టిండ్రు. దానికి డబ్బు మనవాళ్ళదే, పనివాళ్ళూ మనవాళ్ళే. ఆ సంఘం పని కోసం ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్ చుట్టుపక్కల ఊళ్ళు. 1909లో అజరయ్య గారే పట్నం ఉద్యోగం వదిలిపెట్టి భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. మనలో తండాల నుండి వచ్చినవాళ్ళకు దీని కష్టం తెలుసు. ఇంట్లో మన భాష మాట్లాడి, ఇక్కడికి వచ్చి తెలుగులో పాఠం అప్పజెప్పాలంటే నోరు తిరగదు కదా.

1910లో స్కాట్లాండు దేశంలోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. సుమారు 1200 మంది వచ్చారు. అందులో మన ఆసియా వాళ్ళు చాలా కొద్దిమంది. అజరయ్య గారు అంతమంది తెల్ల పెద్దల ముందు నిలబడి మాట్లాడారు. మీరు మా కోసం దానం చేశారు, కష్టపడ్డారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, దానికి మేము కృతజ్ఞులం గాని మాకు స్నేహితులు కూడా కావాలి అనే అర్థం వచ్చేటట్టు అడిగారు. కొందరికి కోపం వచ్చిందట. నాకు మాత్రం ఆయన జీవితంలో ఇదే అన్నిటికంటే పెద్ద సంగతి అనిపిస్తుంది. పై నుండి చెయ్యి చాపి ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. పక్కన కూర్చొని తినేవాళ్ళు తక్కువ.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా చేసిండ్రు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ దొర ఆయన వైపు నిలబడ్డారు గాని, నల్లవాడి కింద ఎట్ల పని చేస్తామని అనుకున్న మిషనరీలు ఉన్నారు. మనవాళ్ళలో కూడా ఇష్టం లేనివాళ్ళు ఉన్నారు. ఇంకో మాట చెప్పాలి. తర్వాత 1945 వరకు, అంటే 32 ఏండ్ల పాటు, ఆంగ్లికన్ చర్చిలో ఒక అధ్యక్ష మండలాన్ని నడిపిన భారతీయుడు ఆయన ఒక్కరే. రెండో మనిషి దొరకలేదంటే నమ్మబుద్ధి కాదు.

ఆయన ఎద్దుల బండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగేవారు. ఎక్కువగా మాల, మాదిగ వాడలకు పోయేవారు. ఆయన కాలంలో దాదాపు 2 లక్షల మంది ఆ చర్చిలో చేరారు. వాళ్ళలో గిరిజనులు కూడా ఉన్నారు. 1935 నాటికి 250 మంది భారతీయ పాస్టర్లు, 2000 మందికి పైగా పల్లె పంతుళ్ళు తయారయ్యారు. పాస్టర్ల భార్యలకు కూడా డోర్నకల్‌లో చదువు చెప్పేవాళ్ళు. అన్బు అమ్మగారు ఆడవాళ్ళ పని చూసుకునేవారు.

తాగుడు మానాలి, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, మాల మాదిగ అని వేరుగా కూర్చోకూడదు అని గట్టిగా చెప్పేవారు. అయితే పాటలు, ఆటలు మానమనలేదు. భజనలు, కోలాటం చర్చి పండుగల్లోకి తెచ్చారు. కోతల పండుగకు జనం ధాన్యం, కోళ్ళు తెచ్చి కానుకగా ఇచ్చేవాళ్ళు. ఇది నాకు నచ్చింది. మా తండాలో ప్రార్థనకు పోయే కొన్ని ఇండ్లవాళ్ళు తమ ఆడపిల్లలను తీజ్ బుట్టల దగ్గరికి రానియ్యరు. గోధుమ మొలకల చుట్టూ పాడితే దేవునికి ఏం కోపం వస్తుందో నాకు అర్థం కాదు. మొక్కులు, తాయెత్తులు అజరయ్య గారు కూడా వద్దనేవారు, కాబట్టి తీజ్ గురించి ఆయన ఏమనేవారో నేను చెప్పలేను.

డోర్నకల్‌లో కట్టించిన పెద్ద చర్చి చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. స్తంభాలు గుడి మండపం లెక్క, పైన గుమ్మటాలు మసీదు లెక్క ఉంటాయి. చాలా ఏండ్లు కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిండ్రు.

గాంధీ గారికి, ఆయనకు మతం మార్పిడి విషయంలో పడలేదు. చదువు లేని హరిజనులకు మతం సంగతి తెలియదు, ఏదో ఆశతో మారుతున్నారని గాంధీ గారి అభిప్రాయం. వాళ్ళ బతుకులు నిజంగానే మారాయని, మారే హక్కు వాళ్ళకు ఉందని అజరయ్య గారి అభిప్రాయం. ఇద్దరూ గొప్పవాళ్ళే. ఆశతో వచ్చినవాళ్ళు కూడా కొందరు ఉండే ఉంటారు. కాని మా అమ్మకు సంతకం రాదు, అయినా ఏ దుకాణంలో తూకం సరిగా ఉంటదో బాగా తెలుసు. చదువు లేకపోతే బుద్ధి లేనట్టు కాదు. క్రైస్తవులకు వేరే ఓటు నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు మాత్రం అజరయ్య గారు వద్దన్నారు. మనుషులు విడిపోతారని ఆయన భయం.

1935లో అంబేద్కర్ గారు హిందువుగా చనిపోనని ప్రకటించారు. క్రైస్తవుల్లోనే ఇన్ని చీలికలు ఉంటే మావాళ్ళు ఎందులో చేరాలని ఆయన అడిగారని, ఆ మాటకు అజరయ్య గారు సిగ్గుపడ్డారని చెబుతారు. ఆయన అప్పటికే దాని కోసం తిరుగుతున్నారు. 1919లో తరంగంబాడిలో పాస్టర్లను కూర్చోబెట్టి, వేరు వేరు చర్చిలు ఒకటి కావాలని పని మొదలుపెట్టారు. ఎవరి పద్ధతి నిలవాలి, ఎవరి బిషప్ గొప్ప అని మాటలు ఏండ్ల తరబడి సాగాయి.

1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లో కన్ను మూశారు. దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. డోర్నకల్ అందులో ఒక అధ్యక్ష మండలం అయ్యింది.