దేహరక్షక కణాలను దర్శించిన ధీమంతుడు – ఇల్యా మెచ్నికోవ్

కాలిలో ముల్లు విరిగితే ఆ చోటు ఎర్రబడి, వాచి, చీము పట్టడం అందరికీ అనుభవమే. ఆ వాపు కేవలం దేహానికి కలిగిన చెరుపు అనే వైద్యులు చాలాకాలం భావించారు. అది శత్రువుపై దేహం సాగించే పోరాటమని చాటి, ఆ పోరాటం చేసే కణాలను లోకానికి చూపిన మహనీయుడు ఇల్యా మెచ్నికోవ్. నేడు క్యాన్సర్ గడ్డలోనికి ఏయే రక్షక కణాలు చేరాయో వైద్యులు వెదకి చూస్తున్నారంటే, ఆ దృష్టికి బాటవేసిన వారిలో ఆయన అగ్రగణ్యుడు.

మెచ్నికోవ్ 1845 మే నెలలో, నాటి రష్యా సామ్రాజ్యంలోనిదైన ఖార్కోవ్ సమీపాన ఒక పల్లెలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉక్రెయిన్ దేశంలో ఉన్నది. చెట్టూ పురుగూ కనిపిస్తే చాలు, పసివాడైన ఇల్యా ఆగిపోయేవాడు. తాను తెలుసుకొన్నదానిని అన్నలకు, తోటి పిల్లలకు పాఠంగా చెప్పేవాడు. 1862లో బంగారు పతకంతో పాఠశాల విద్య ముగించి, నాలుగేళ్ళ విశ్వవిద్యాలయ కోర్సును రెండేళ్ళలో పూర్తిచేశారు. జర్మనీ, ఇటలీలలో పరిశోధనలు సాగించి, పిన్నవయసులోనే ఒడెస్సా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు.

విద్యలో ఇంత వేగంగా ఎదిగిన ఆయనను జీవితం కఠినంగా పరీక్షించింది. 1869లో ఆయన వివాహమాడిన లుద్మీలా అప్పటికే క్షయరోగి. నడిచే శక్తి లేక, పెళ్ళికి ఆమెను కుర్చీలో మోసుకొని రావలసివచ్చింది. నాలుగేళ్ళు ఎక్కడెక్కడి వైద్యమో చేయించినా ఫలితం లేక 1873లో మదైరా ద్వీపంలో ఆమె కన్నుమూసింది. ఆయన కంటిచూపు కూడా మందగించింది. దుఃఖం భరించలేక ఆయన ప్రాణత్యాగానికి పూనుకొన్నారు కాని దైవికంగా బ్రతికారు. ఆ దినాలలోనే దీపం చుట్టూ ముసిరిన పురుగులను చూచి, ఇంత అల్పాయువు గల జీవులలో ప్రకృతి నియమాలు ఎట్లా పనిచేస్తాయా అన్న ఆలోచనలో పడ్డారట. శాస్త్ర జిజ్ఞాస ఆయనను తిరిగి జీవితం వైపు మళ్ళించింది. 1875లో ఓల్గాను వివాహమాడారు. అనంతర కాలంలో ఆయన జీవితచరిత్ర వ్రాసినది ఆమెయే.

ఒడెస్సాలో రాజకీయ కల్లోలం చెలరేగగా 1882లో ఉద్యోగం వదలి, భార్యతోను ఆమె తమ్ముళ్ళు చెల్లెళ్ళతోను సిసిలీ ద్వీపంలోని మెస్సీనా నగరం చేరారు. ఒకనాడు ఇంటివారందరూ సర్కసుకు వెళ్ళగా ఆయన ఒక్కరే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. అద్దం వలె పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలో కణాలు కదలాడుతున్నాయి. ఈ కణాలు దేహాన్ని కాపాడేవైతే, ముల్లు గుచ్చినచోటికి అవి పరుగున రావాలి కదా అని ఆయనకు స్ఫురించింది. వెంటనే తోటలోని గులాబీముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మం క్రింద గుచ్చారు. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. తెల్లవారి చూస్తే ముళ్ళచుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. సూక్ష్మజీవులను మ్రింగే ఆ కణాలే భక్షక కణాలుగా ప్రసిద్ధి చెందాయి.

పండితలోకం ఈ మాటను సులభంగా అంగీకరించలేదు. తెల్లకణాలు రక్తనాళాల గోడలు దాటి బయటికి వస్తాయని కోన్‌హైమ్ 1867లోనే చూపారు. అయితే అవి రోగక్రిములను దేహమంతటా మోసుకొనిపోతాయని పలువురు నమ్మేవారు. మెచ్నికోవ్ 1884లో నీటి ఈగ అనే సూక్ష్మప్రాణిలో శిలీంధ్రబీజాలను ఆ కణాలు మ్రింగివేయడం చూపారు. 1888లో పారిస్ పాశ్చర్ సంస్థ ఆయనకు ఆశ్రయమిచ్చింది. 1890లో బేరింగ్, కిటసాటో రక్తరసంలోని విషహర గుణాన్ని నిరూపించగా, రక్షణ రసానిదా కణానిదా అన్న వాదం తీవ్రమైంది. రసంలోని పదార్థాలు క్రిములకు పూతవలె అంటుకొని, కణాలు వాటిని మ్రింగడానికి తోడ్పడతాయని 1903లో ఆల్మ్రోత్ రైట్ చూపడంతో, రెండు పక్షాలలోను నిజమున్నదని తేలింది. 1908లో రసవాద పక్షీయుడైన పాల్ ఎర్లిక్‌తో కలిసి మెచ్నికోవ్ నోబెల్ బహుమానం స్వీకరించారు.

రక్షక కణాలను కీర్తించిన ఆయనే వాటి దోషాన్నీ దాచలేదు. వార్ధక్యంలో ఆ కణాలే సొంత దేహపు కణజాలాన్ని హరిస్తాయని ఆయన తలచారు. ముదిమికి ఆయన చెప్పిన కారణాలన్నీ నిలువలేదు గాని, కాపలాదారే కంటకుడు కావచ్చునన్న హెచ్చరిక నిలిచింది. క్షయ క్రిములు భక్షక కణాలలోనే తలదాచుకొంటాయి. కీళ్ళవాతంలో రక్షక కణాలు కీళ్ళలో చేరి వాటినే పాడుచేస్తాయి. ధమనుల గోడలలో చేరినవి కొవ్వును మ్రింగి, రక్తమార్గాన్ని ఇరుకు చేసే పూడికలో భాగమవుతాయి. క్యాన్సర్ గడ్డలలో తెల్లకణాలుండడాన్ని విర్కో 1863లోనే గుర్తించారు. వాటిలో కొన్ని గడ్డను హరిస్తాయి. కొన్ని దానికే ఊడిగం చేసి పెంచుతాయి. పెద్దపేగు క్యాన్సర్ గడ్డలో టి-లింఫోసైట్లు దట్టంగా చేరిన రోగుల భవిష్యత్తు మెరుగని ఫ్రాన్సు పరిశోధకులు 2006లో ప్రకటించారు. ఆ కణాలకు పడిన కళ్ళెం తొలగించే చికిత్సకు మార్గం చూపిన ఆలిసన్, హోంజో 2018లో నోబెల్ బహుమానం పొందారు.

పులిసిన పాలు ప్రేగులకు మేలు చేస్తాయని నమ్మి నిత్యం సేవించిన మెచ్నికోవ్, 1916 జూలైలో పారిస్‌లో డెబ్బదియొక్క ఏళ్ళ వయసులో పరమపదించారు. ఆయన చితాభస్మం పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచబడినది.

దుఃఖంతో జీవితాన్నే వద్దనుకొన్న మనిషి, ఒక ముల్లును, ఒక ప్రశ్నను ఆధారం చేసికొని కోట్లమంది ప్రాణరక్షణకు దారి చూపాడు. పురుగును చూచి ఆగిపోయే పిల్లవాడు ప్రతి తరగతిలోను ఉంటాడు. అతని ప్రశ్నను విసుగుకొనక వినడమే తల్లిదండ్రులు, గురువులు మెచ్నికోవ్‌కు సమర్పించగల నిజమైన నివాళి.