జీతం లేని తపాలా మోత – స్నోషూ థామ్సన్

చేసిన పనికి కూలి అడగడం తప్పు కాదు. అది బిచ్చం కాదు, హక్కు. ఈ చిన్న మాట మనకు బాగా తెలియాలి. ఎందుకంటే మనలో చాలామందిమి కూలి చేసుకొని బతికే తల్లిదండ్రుల బిడ్డలం. అందుకే ఈ వార్షిక సంచికలో, ఇరవై ఏళ్ళు తపాలా మోసి ప్రభుత్వం నుంచి ఒక్క డాలరు జీతం కూడా అందుకోకుండా కన్నుమూసిన ఒక శ్రామికుని జీవితాన్ని మిత్రులకు పరిచయం చేస్తున్నాము.

ఆయన 1827 ఏప్రిల్ 30న నార్వే దేశంలోని టెలిమార్క్ ప్రాంతంలో, టిన్ అనే చోట పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోన్. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ళ వయసులో, 1837లో, కుటుంబంతో అమెరికా చేరాడు. అక్కడ ఆయన పేరు జాన్ థామ్సన్ అయింది. 1851లో అందరిలాగే బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్ళాడు. గనుల్లో అదృష్టం కలిసిరాలేదు. వ్యవసాయంలోకి దిగాడు.

ఆ రోజుల్లో సియెర్రా నెవాడా కొండలకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళకు చలికాలం వస్తే రాకపోకలు ఉండేవి కావు. మనిషి లోతున మంచు పడేది. గుర్రం నడవలేదు, బండి కదలదు. ఉత్తరాలు నెలల తరబడి ఆగిపోయేవి. కొండ దాటి తపాలా తెచ్చే మనిషి కావాలని 1855లో పత్రికలో ప్రకటన పడితే థామ్సన్ ముందుకొచ్చాడు. చిన్ననాడు నార్వేలో చూసిన స్కీలు ఆయనకు గుర్తున్నాయి. మంచుమీద జారిపోవడానికి కాళ్ళకు కట్టుకొనే పొడవాటి చెక్కలవి. ఓక్ కర్రతో పది అడుగుల జత స్వయంగా చేసుకున్నాడు. దాని బరువే సుమారు పదకొండు కిలోలు. అటువంటివి ఎరుగని అక్కడి జనం వాటిని మంచుబూట్లు అనుకొని ఆయనను స్నోషూ థామ్సన్ అని పిలిచారు. ఆ పేరే నిలిచిపోయింది.

1856 జనవరిలో మొదటి ప్రయాణం. ప్లాసర్‌విల్ నుంచి జెనోవాకు దాదాపు 90 మైళ్ళు. వెళ్ళడానికి మూడు రోజులు, రావడానికి రెండు. వీపున 30 నుంచి 45 కిలోల సంచి. దుప్పటి లేదు, తుపాకి లేదు. ఎండుమాంసం, బిస్కట్లు నమిలి, మంచు కరిగించుకొని తాగేవాడు. రాత్రి నక్షత్రాలే దారి చూపేవి. ఉత్తరాలే కాదు, మందులు, పత్రిక అచ్చుకు కావలసిన అక్షరాలు కూడా మోశాడు.

అదే ఏడాది డిసెంబరులో ఒక కొండగుడిసెలో జేమ్స్ సిసన్ అనే మనిషి కాళ్ళు గడ్డకట్టి చావుబతుకుల్లో కనిపించాడు. థామ్సన్ జెనోవా వెళ్ళి మనుషులను తీసుకొచ్చి, అతన్ని బల్లమీద లాక్కెళ్ళి ఊరు చేర్చాడు. కాళ్ళు తీసేయడానికి వైద్యుడి దగ్గర మత్తుమందు లేదు. థామ్సన్ మళ్ళీ కొండలు దాటి కాలిఫోర్నియా వెళ్ళి అది కూడా తెచ్చాడు. సిసన్ బతికాడు.

మరి జీతమో? ఇస్తామన్న మాటే గాని ఇచ్చిన చెయ్యి లేదు. ఆయన దగ్గర సంతకం పెట్టిన ఒప్పందం లేదు. ఇవాళ కాకపోతే రేపు ఇస్తారులే అని మోస్తూనే పోయాడు. నెవాడా శాసనసభ ఆయనకు 6,000 డాలర్లు ఇవ్వాలని తీర్మానం చేసి పంపింది. 1870ల మొదట్లో తానే వాషింగ్టన్ బయలుదేరాడు. దారిలో వ్యోమింగ్‌లో రైలు మంచులో కూరుకుపోతే దిగి, మైళ్ళ దూరం నడిచి షాయెన్ చేరి అక్కడ వేరే రైలెక్కాడు. రైలు ఓడిన చోట ఆయన కాళ్ళు గెలిచాయి. కాని రాజధాని ఆఫీసుల ముందు ఆ కాళ్ళు కూడా ఓడిపోయాయి. సానుభూతి మాటలు దొరికాయి, డబ్బు రాలేదు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

1876 మే 15న, 49 ఏళ్ళకే మరణించాడు. చివరి రోజుల్లో నిలబడే శక్తి లేక గుర్రం మీద కూర్చొనే విత్తనాలు చల్లాడని చెబుతారు. భార్య ఆగ్నెస్, చిన్న కొడుకు మిగిలారు. రెండేళ్ళకే ఆ బిడ్డ కూడా పోయాడు. తండ్రీకొడుకుల సమాధులు జెనోవాలో పక్కపక్కనే ఉన్నాయి. ఆయన సమాధి రాతిమీద ఒక జత స్కీలు చెక్కారు. తర్వాత విగ్రహాలూ పెట్టారు. బతికుండగా ఇవ్వని కూలికి విగ్రహం బదులవుతుందా?

థామ్సన్ మంచితనాన్ని మనం నేర్చుకోవాలి. ఆయనకు జరిగిన అన్యాయాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. పొలంలోనైనా, భవనం కట్టేచోటైనా, రేపు మనం చేరబోయే కాంట్రాక్టు ఉద్యోగంలోనైనా మాట మీద కాక కాగితం మీద నమ్మకం పెట్టాలి. మన ఇళ్ళలో సంతకం చదవగలిగిన మొదటి తరం మనమే. అమ్మానాన్నల మస్టరు చూసి, రోజులు లెక్కగట్టి, రావలసిన కూలి అడిగి ఇప్పించడానికి పనికిరాని చదువు ఎందుకు మిత్రులారా?