పరవస్తు చిన్నయసూరిగారు

మన సంఘ వార్షిక సభ జరుగునప్పుడెల్ల వేదికపై నొక పటమునకు పూలమాల వేయుట మన కాచారమై యున్నది. ఆ పటములోని మహనీయులు పరవస్తు చిన్నయసూరిగారు. మాల నందించు పిన్నలకు వారి పేరు తెలియును గాని వారు చేసిన పని యెట్టిదో తెలియదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా వారి వ్యాకరణమును నమ్ముకొని తెలుగు చెప్పినవారము గనుక, ఆ ఋణము కొంత తీర్చుకొనుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

సూరిగారు 1806 ప్రాంతమున శ్రీపెరుంబూదూరున చాత్తాద శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిరి. అది భగవద్రామానుజు లవతరించిన క్షేత్రము. చుట్టును అరవము వినబడు సీమలో పుట్టి తెలుగునకు వ్యాకర్త లగుట విశేషము. ఒకవంక అరవము, ఒకవంక కన్నడము చెవిని బడుచుండ తెలుగు మాటలాడు కుప్పమువారి కిది వింతగా తోపదు. మూడు భాషల కూడలియం దున్నవానికే తన భాష యొక్క పోకడ స్పష్టముగా తెలియును. అట్టి కుప్పముననే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది.

సంస్కృతాంధ్రములు గురుముఖమున నేర్చి, సూరిగారు చెన్నపట్టణము చేరి పాఠశాలలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. పిమ్మట, 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారిన విద్యాలయమున ప్రధానాంధ్ర పండితులైరి. శాస్త్రము కొన్ని యిండ్ల సొత్తని తలచు నా కాలమున మన వంటి కులమునుండి వచ్చినవారి కా పీఠము సులభముగా దొరకునది కాదు. పాండిత్యమే వారికి సిఫారసు. సూరి యనగా పండితుడు. అది పుట్టుకతో వచ్చిన పేరు గాదు, చదువునకు దక్కిన బిరుదము.

1853లో వారి నీతిచంద్రిక వెలువడినది. పంచతంత్ర హితోపదేశములలోని మిత్రలాభ మిత్రభేదములను వారు తెలుగు వచనమున సంతరించిరి. ఎలుక, కాకి, తాబేలు, లేడి చేసికొన్న చెలిమియు, నక్కల మాటలు విని సింహము తన మిత్రమైన యెద్దును చంపుటయు తెలుగునాట బడికి పోయిన తరతరముల పిల్లలకు కంఠస్థములైనవి. మిగిలిన సంధి విగ్రహములను తరువాత కందుకూరి వీరేశలింగముగారు రచించిరి.

పిమ్మట బాలవ్యాకరణము వెలువడినది. అంతకు మున్ను ప్రమాణముగా నుండిన ఆంధ్రశబ్దచింతామణి సూత్రములు సంస్కృతమున నున్నవి. తెలుగు నేర్వగోరువాడు ముందు సంస్కృతము నేర్వవలసి యుండెను. సూరిగారు పాణినీయము నందలి క్లుప్తతను తెలుగునకు తెచ్చి, సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వరకు పది పరిచ్ఛేదములలో తెలుగు సూత్రములనే కూర్చిరి. తెలుగు లక్షణమును తెలుగుననే చదువుకొను దారి యిట్లు విశాలమైనది.

ఇక మా తప్పొకటి చెప్పుకొనవలెను. పుంగనూరున మేము పనిచేయునప్పు డొక బాలుడు తన యింటి మాటలతో వ్యాస మొకటి వ్రాసెను. గ్రామ్యమని ప్రతి పంక్తియు ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. ఆ పిల్లవాడు మెల్లగా వచ్చి, తన తల్లి మాటలాడున దంతయు తప్పేనా యని యడిగెను. మాకు బదులు దోచలేదు. ఆ రాత్రి బాలవ్యాకరణము తిరిగి విప్పితిమి. సూరిగారు పూర్వకవుల ప్రయోగములను పరిశీలించి కావ్యభాషకు కట్టడి చేసిరి. ఆ కట్టడిని బడిపిల్లల నోటికి బిగించినవారము మావంటి యుపాధ్యాయులము. గిడుగు రామమూర్తిగారు (1863-1940) వాడుకభాషకై పోరాడిన దీ బిగింపు మీదనే. తలుపు మూసియున్న కాలమున చదువుచే లోపలికి వచ్చినవారి గ్రంథమును మేము మఱియొక పిల్లవానికి తలుపు మూయుటకు వాడితిమి. మఱునా డా వ్యాసమునకు మార్కులు వేసి, కావ్యభాష వేరు, ఇంటిమాట వేరు, రెండును తెలుగే యని తరగతికి చెప్పితిమి.

సూరిగారు నిఘంటువు నొకదానిని తలపెట్టిరి గాని యది ముగియకమున్నే, 1860 దాటిన కొలదికాలమునకే, పరమపదించిరి. శిష్యులు బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో శబ్దరత్నాకరమును వెలువరించి, గురువుగారు తలపెట్టిన తెఱగు పనిని కొనసాగించిరి.

సంఘ పోషకులకు మా మనవి యొక్కటే. ప్రతియేట మాలతో పాటు మన పిల్లలలో చదువు మానవలసి వచ్చిన యొక్కరికైన పుస్తకములును, రుసుమును ఇప్పింపుడు. సూరిగారి పటము గోడమీద నున్న చాలదు. వారు నడచిన దారిలో మఱియొకరు నడవవలెను. అప్పుడే మన మాల వారికి చేరినట్లు. స్వస్తి.