చెట్లతో జపమాల కూర్చిన మోంట్‌ఫోర్ట్

జమ్మికుంట, పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ — కాజీపేట–బల్లార్షా రైలు దారిలో ఏ ఊళ్లో మన పాత విద్యార్థులు కలిసినా బ్రదర్ల మాట రాక తప్పదు. ఆ గాబ్రియేలు బ్రదర్ల సభ తన మూలపురుషుడిగా కొలిచే పునీత లూయీస్ మేరీ మోంట్‌ఫోర్ట్ జీవితాన్ని ఈ స్వర్ణోత్సవ సంచికలో తలచుకోవడం న్యాయమనిపించింది. నేను క్రైస్తవుణ్ని కాను. అయినా ఆయన కథ నాకు మన బడి కథలాగే తోస్తుంది.

ఆయన 1673 జనవరి 31న ఫ్రాన్సు దేశంలో బ్రిటనీ ప్రాంతపు మోంట్‌ఫోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి వకీలు. ఇంట్లో పద్దెనిమిది మంది సంతానం. చదువు కోసం పారిస్‌కు కాలినడకన వెళుతూ, దారిలో చేతిలోని డబ్బు పేదలకిచ్చేసి, కొత్త బట్టలు ఒక బిచ్చగాడికిచ్చి అతని పాతవి తొడుక్కున్నారు. 1700లో గురువయ్యారు. పొయిటియేలో పేదల ఆసుపత్రిలో సేవ చేస్తే అక్కడి పెద్దలకు నచ్చలేదు. ఊరు విడవాల్సి వచ్చింది. 1706లో రోముకు నడిచి వెళ్లి, దూరదేశాలకు పంపమని పోపు పదకొండవ క్లెమెంటును వేడుకున్నారు. స్వదేశపు పల్లెల్లోనే పని చేయమని పోపు ఆదేశించారు.

అప్పటినుంచి ఊరూరా తిరిగారు. నడుముకు పెద్ద జపమాల, చేతిలో సిలువ. చదువురాని రైతుకు జపమాలే పుస్తకమని ఆయన గ్రహింపు. మఠాల్లో 150 దావీదు కీర్తనలు పాడేవారు. అవి చదవలేనివారు 150 మంగళవార్త జపాలు చెప్పుకునేవారు. పదింటికొకసారి పరలోక జపం, ఒక్కో పదికి క్రీస్తు జీవితంలోని ఒక ఘట్టంపై ధ్యానం. మనం చూసే చిన్న మాలలో అందులో మూడో వంతే ఉంటుంది: ఐదు పదులు, సిలువ దగ్గరివి కలిపి మొత్తం 59 పూసలు. కొయ్యపూసలు, గింజలు, ఏమీ లేకపోతే దారానికి వేసిన ముడులు — చేత్తో కట్టిన మాలకు ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. మన చేలగట్ల మీది గురిగింజ శాస్త్రీయ నామంలోని ‘ప్రెకటోరియస్’ అనే మాటకు మూలం ప్రార్థనే. ఆ గింజలతో జపమాలలు గుచ్చేవారు. గింజలో విషముంది కనుక పిల్లలకు ఇవ్వరాదు. మాల తిప్పడం మనకు కొత్త కాదు. ఇంట్లో అమ్మమ్మ తులసిమాల, పక్కింటి చాచా తస్బీహ్ చూసి పెరిగినవాళ్లం.

మోంట్‌ఫోర్ట్ ఒక జపమాలను నేలమీదే కూర్చారు. పోన్‌షాతో దగ్గర వేలమంది రైతులు కూలి లేకుండా పదిహేను నెలలు మట్టి మోసి కల్వరి కొండ కట్టారు. చుట్టూ మంగళవార్త జపాలకు గుర్తుగా 150 ఫర్ చెట్లు, పరలోక జపాలకు 15 సైప్రస్ చెట్లు నాటారు. 1710 సెప్టెంబరు 14న ఆశీర్వాదం జరగాలి. ముందురోజు పీఠాధిపతి వద్దన్నారు. ఆ కొండ శత్రువులకు కోటగా పనికొస్తుందన్న ఫిర్యాదుతో రాజు దాన్ని కూల్చమన్నాడు. కట్టిన రైతుల చేతే తవ్వించారు. మోంట్‌ఫోర్ట్ ఎవరినీ నిందించలేదు, ఎదురు తిరగలేదు. కొన్నాళ్లు ధ్యానంలో గడిపి మళ్లీ పల్లెలకు బయలుదేరారు. తరవాతి తరాలవారు ఆ కల్వరిని తిరిగి కట్టారు.

లా రొషేల్‌లో పేదపిల్లలకు జీతం లేని బడులు తెరిచారు. 1716 ఏప్రిల్ 28న, నలభై మూడేళ్లకే, సెయింట్ లారెంట్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వెంట ఉన్న బ్రదర్లు కొద్దిమందే. నూరేళ్ల తరవాత గాబ్రియేల్ దెషాయే ఆ సభకు జీవం పోశారు. 1903లో బ్రదర్లు మన దేశానికి వచ్చారు. 1947లో పోపు పన్నెండవ పయస్ మోంట్‌ఫోర్ట్‌ను పునీతుడిగా ప్రకటించారు.

ఆయన మట్టిగుట్ట కూల్చగలిగారు గానీ బడిని కూల్చలేకపోయారు. మన సంఘానికి నా మనవి ఒక్కటే. స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చి కట్టేముందు, ఫీజు కట్టలేక ఈ ఏడు చదువు మానేసే పిల్లలెవరో అయ్యవార్లను అడిగి తెలుసుకుందాం. తలా ఒకరిని చదివిద్దాం. ఒక్కో పూసా కలిస్తేనే కదా మాల!