టైపు మిషనుకు ప్రాణం పోసిన షోల్స్

టైపు లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసయి ఉద్యోగాలు సంపాదించుకున్నవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఇందరికి అన్నం పెట్టిన ఆ మిషను, దానిని రూపొందించిన క్రిస్టఫర్ లాథమ్ షోల్స్‌కు మాత్రం పెద్దగా సిరులు తెచ్చిపెట్టలేదు.

షోల్స్ 1819 ఫిబ్రవరి 14న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. చిన్నతనంలోనే అచ్చుపని నేర్చుకున్నారు. తరువాత విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళ్లి పత్రిక నడిపారు. శాసనసభ్యుడయ్యారు. 1853లో ఆ రాష్ట్రంలో మరణశిక్ష రద్దు కావడానికి పాటుపడ్డవారిలో ఆయన ఒకరు.

మిల్వాకీ పట్టణంలో ఉండగా, పేజీలకు నెంబర్లు వేసే యంత్రాన్ని మిత్రుడు సూలేతో కలిసి తయారుచేశారు. అంకెలు కొట్టే యంత్రం అక్షరాలు ఎందుకు కొట్టకూడదని గ్లిడెన్ అనే మరో మిత్రుడు అడగడంతో ఆయన దృష్టి అటు మళ్లింది. తంతి మీటతో ముందుగా ఒకే ఒక్క అక్షరం కొట్టి చూశారు. 1868 జూన్ 23న ముగ్గురికీ పేటెంటు లభించింది.

అంతటితో కష్టాలు తీరలేదు. వాషింగ్టన్‌లోని షార్టుహాండు రైటరు క్లెఫాన్ మిషన్లను విరిగేదాకా వాడి, లోపాలు నిర్మొహమాటంగా చెప్పేవారు. షోల్స్ విసిగిపోయినా, పెట్టుబడిదారు డెన్స్‌మోర్ పట్టుబట్టడంతో మళ్లీ మళ్లీ సరిచేశారు.

1873లో తుపాకులు, కుట్టుమిషన్లు చేసే రెమింగ్టన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు మిషను బజారుకు వచ్చింది. వెల 125 డాలర్లు. కుట్టుమిషనులాగే దానికీ కాలితో తొక్కే పెడలు ఉండేది. పెద్ద అక్షరాలు మాత్రమే పడేవి. అక్షరాలు రోలరు అడుగున పడటంవల్ల కొట్టింది వెంటనే కనబడేది కాదు. చిన్న అక్షరాలు కూడా కొట్టే మిషను 1878లో వచ్చింది.

షోల్స్ తన హక్కును సుమారు 12 వేల డాలర్లకు అమ్ముకున్నారు. రాయల్టీ ఉంచుకున్న డెన్స్‌మోర్ ధనవంతుడయ్యారు. షోల్స్ క్షయవ్యాధితో బాధపడుతూ కూడా మిషనుకు మెరుగులు దిద్దడం మానలేదు. ఆడవారికి తన మిషను బతుకుతెరువు చూపిందని సంతోషించారు. 1890 ఫిబ్రవరి 17న మిల్వాకీలో కన్నుమూశారు.

1868 నాటి పేటెంటు నమూనాను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రపరిచారు. రోలరు రబ్బరు గట్టిపడి, మీటలు పట్టేసిన పాత టైపు మిషన్లను ఓపికగా బాగుచేసి నిలుపుకుంటున్న అభిమానులు నేటికీ ఉన్నారు. మిషను మూలపడినా షోల్స్ జాడ చెరగలేదు. కంప్యూటరు, సెల్‌ఫోను మీద నేడు కనబడే ఇంగ్లీషు అక్షరాల వరుస చాలావరకు ఆయన కూర్చినదే.